రెండో బ్రేకు లేని కారు

బ్రేకు మాస్టారి కుడికాలి చెప్పు ఎప్పుడూ ఎడమకాలి చెప్పుకంటే ముందే అరిగిపోయేది. చెప్పులు కుట్టే ఆయన మొదట్లో పాపం ఈయన కుంటుతాడేమో అనుకుని జాలిపడ్డాడు. తరవాత ఆయన కూడా మాస్టారి దగ్గర డ్రైవింగ్ నేర్చుకోవడానికి చేరాడు, దాంతో అసలు సంగతి తెలిసింది. డ్రైవింగ్ స్కూలు కారులో పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాడు కంగారుపడి గోడ మీదికి పోతుంటే, పక్కనున్న మాస్టారు దాన్ని తొక్కి కారుని, గోడని, తనని కాపాడుకుంటాడు. మిగతా మాస్టార్లు గోడ కనిపించాక తొక్కుతారు. మన మాస్టారు గోడ ఉండొచ్చు అన్న అనుమానం వస్తే చాలు, తొక్కేసేవాడు.

ఊళ్ళో సగం మందికి కారు నేర్పింది ఆయనే. అందుకే ఊళ్ళో సగం కార్లు అలా పాకుతూ పోతాయని మిగతా సగం మంది విసుక్కుంటారు. ఆయన శిష్యుల్లో ఒక్కరు కూడా ఇంతవరకు దేన్నీ గుద్దలేదు. గుద్దేంత వేగం వాళ్ళకి ఎప్పుడూ రాలేదు మరి.

ఆ కాలు కారులో ఉన్నప్పుడే పనిచేస్తే ఏదో ఉద్యోగం కదా అని సరిపెట్టుకోవచ్చు. బస్సెక్కితే ముందు సీటు కింద నేలని తొక్కేవాడు. సెలూన్ కుర్చీలో కత్తి చెవి దగ్గరికి వస్తే తొక్కేవాడు. టీవీలో కార్లు తరుముకునే సీను వస్తే సోఫా ముందున్న స్టూలు ఎగిరి అవతల పడేది. ఇంట్లో కాలికి పని లేనప్పుడు నోటితో బ్రేకు వేసేవాడు. కూతురు ఈత నేర్చుకుంటానంది, "ఆలోచిద్దాం" అన్నాడు. గోడలకి రంగు మారుద్దామంది భార్య, "చూద్దాం" అన్నాడు. ఆ ఇంటి గోడలు ఇప్పటికీ పాత రంగులోనే ఉన్నాయి.

భార్య బట్టలు కుడుతుంది. ముందు గదిలో కుట్టుమిషను, వీధిలోకి తెరుచుకునే తలుపు, తలుపు మీద వేలాడే కొలతల టేపు. అందరూ టైలరమ్మ అనే పిలుస్తారు. మనిషి నెమ్మది, మాట సూటి. ఆవిడకి ఒక పట్టుదల ఉంది. భర్త ఉన్న కారు ఎక్కదు. ముందు సీటైనా సరే, వెనక సీటైనా సరే, ససేమిరా ఎక్కదు. పనుందంటే బస్సులో వెళ్తుంది, లేదా నడుస్తుంది. కూతురు పుట్టబోయే రోజున నొప్పులు పడుతూ కూడా పక్కింటాయన కారే ఎక్కింది. మాస్టారు స్కూలు కారు వేసుకుని వెనకాలే వెళ్ళాడు, ముందు కారువాడు మలుపు తిరిగినప్పుడల్లా తన కారులో తాను బ్రేకు తొక్కుకుంటూ.

ఈ పట్టుదల వెనక పెద్ద కథేమీ లేదు, ఒక చిన్న పాఠం ఉంది. పెళ్ళైన కొత్తలో ఆవిడ సరదాపడింది, నాకూ నేర్పండి అని. స్కూలు మైదానంలో, సున్నంతో గీసిన గీతల మధ్య, ఆవిడని స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టాడు. ఆవిడ ఇంజను స్టార్ట్ చేసింది, గేరు వేసింది, క్లచ్ వదిలింది. కారు ఒక్క ఉలుకు ఉలికి ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేసింది. మళ్ళీ ఆగిపోయింది.

"ఏవండీ, కారు నడుపుతున్నది నేనా, మీరా?"

"నువ్వే."

"మరి కదలదేం?"

ఆయన కిందికి చూసుకున్నాడు. కుడికాలు బ్రేకు మీద ఉంది. ఎప్పుడు వెళ్ళి కూర్చుందో ఆయనకే తెలియదు.

"అలవాటు," అన్నాడు.

కాలు తీశాడు. కారు కదిలింది. ఆవిడ మొహం వెలిగింది. మైదానం చివర గోడ ఎంతో దూరంలో ఉంది, అయినా ఈయన కాలు మళ్ళీ దిగింది. అలా దిగుతూనే ఉంది. చివరికి ఆవిడ బెల్టు తీసి, తలుపు తెరిచి, చెప్పులు చేత్తో పట్టుకుని, మైదానం దుమ్ములోంచి ఇంటిదాకా నడిచి వెళ్ళిపోయింది. అరవలేదు, ఏడవలేదు. "ఇంక మీరున్న కారు ఎక్కను," అని మాత్రం గుమ్మంలో చెప్పింది. కొత్తలో కోపమనుకున్నాడు. కూతురు పెద్దదై నర్సు ఉద్యోగంలో చేరే వేళకి అది కోపం కాదని అర్థమైంది.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. మాస్టారికి ఒక కోరిక ఉంది. ఎప్పుడో ఒక మధ్యాహ్నం, పక్కన చెమటలు కక్కుతున్న కొత్త శిష్యుడితో సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే, పక్కనే ఒక పొట్టి స్పోర్ట్స్ కారు వచ్చి ఆగింది. పైకప్పు మడిచేసి ఉంది. రెండే సీట్లు. ఒకదాంట్లో పెద్దాయన, ఇంకోదాంట్లో పెద్దావిడ, ఇద్దరికీ తలలు నెరిసి ఉన్నాయి. ఆయన ఏదో అన్నాడు. ఆవిడ తల వెనక్కి వాల్చి పకపకా నవ్వింది. పచ్చ దీపం వెలిగింది, ఆ కారు ఝుమ్మని మలుపు తిరిగి మాయమైపోయింది. మాస్టారు మాత్రం అక్కడే ఉండిపోయాడు, శిష్యుడి కారు ఆగిపోయింది కాబట్టి.

ఆ రోజు మాస్టారికి అసూయ పుట్టింది. కారు మీద కాదు, ఆ నవ్వు మీద. ఆయన ఏమని ఉంటాడు? అలా నవ్వించే మాట ఏమిటది? అప్పటినుంచి ఆయన మనసులో ఒక రెండు సీట్ల కారు తిరుగుతూనే ఉంది, అందులో పక్కన భార్య నవ్వుతూనే ఉంది. ఆవిడ తన కారు ఎక్కదన్న సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఆ కారు ఆగిపోయేది.

రిటైరైన రోజున స్కూలువాళ్ళు దండతో పాటు ఆయన పాత కారులోని రెండో బ్రేకు పెడలు ఊడదీసి, చెక్కకి బిగించి బహుమతిగా ఇచ్చారు. ఇంటికి తెచ్చి గోడకి తగిలించాడు. ఆ సాయంత్రమే టీ ముందు కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"స్పోర్ట్స్ కారు కొందామనుకుంటున్నాను."

కూతురు టీ కప్పులో దగ్గింది. టైలరమ్మ సూదిలో దారం ఎక్కించడం ఆపలేదు.

"ఎవరు నడపడానికి?" అంది.

"నేనే."

"నడపండి. మీరు నడపడం నేనూ చూడలేదు."

"నువ్వు పక్కన కూర్చోవాలి మరి. రెండే సీట్లుంటాయి."

ఆవిడ దారం కొరికింది. "ముందు కారేదో చూడండి. కూర్చోబుద్ధేస్తే కూర్చుంటాను."

ఇన్నేళ్ళలో ఆవిడ నోట ఎక్కను అన్న మాట తప్ప ఇంకోటి వినని మనిషికి ఆ జవాబు చాలు. ఆ క్షణం నుంచి మాస్టారికి ఉన్నది ఒకే లెక్క. ఏ కారు తెస్తే ఆవిడ కూర్చుంటుంది? తనకి నచ్చే కారు వెతకడం తేలిక. ఆవిడకి కూర్చోబుద్ధేసే కారు ఎక్కడుందో ఎవరు చెప్తారు?

చెప్పేవాళ్ళకేం కొదవ లేదు. మాస్టారు కారు కొంటున్నాడన్న వార్త ఊరంతా పొక్కింది. టీ కొట్టు దగ్గర ఆయన శిష్యులు రెండు జట్లుగా చీలిపోయారు. పాతదే కొనాలని ఒక జట్టు: ఆ ఇంజను శబ్దం, ఆ గుండ్రటి మీటర్లు, ఆ పెట్రోలు వాసన, కొత్తవాటిలో ఏవి? కొత్తదే కొనాలని ఇంకో జట్టు: పాతదాన్ని పెళ్ళి చేసుకోవాలి, ఆదివారమల్లా దాని కింద పడుకోవాలి, విడిభాగం కావాలంటే దేశాలు పట్టిపోవాలి, కొత్తదైతే మీట నొక్కు, పో! వాదన ముదిరి ఇద్దరు కొన్నాళ్ళు మాట్లాడుకోవడం మానేశారు. వాళ్ళిద్దరికీ సొంతంగా ఉన్నవి సైకిళ్ళే.

"కొత్తదే నాన్నా," అంది కూతురు. రోజూ విరిగిన ఎముకలు చూసే పిల్ల. "అన్నీ అదే చూసుకుంటుంది. ఎదురుగా ఏమొచ్చినా దానంతటదే ఆగుతుంది. అమ్మకి కూడా భయం ఉండదు."

అమ్మకి భయం ఉండదు. ఆ మాట మాస్టారికి బాగా నచ్చింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని షోరూముకి బయల్దేరాడు.

షోరూములో అమ్మకాలు చూసే అమ్మాయి ఆయన శిష్యురాలే. ఎదురొచ్చి నమస్కారం పెట్టింది. పసుప్పచ్చ రంగు కారు, నేలకి అతుక్కుపోయినట్టుంది, ముందునుంచి చూస్తే కోపంగా ఉన్నవాడి మొహంలా ఉంది. అమ్మాయి తాళం చేతికిచ్చి ఒక రౌండు కొట్టి రండి, నేనూ వస్తానంది. మాస్టారు హుందాగా కారు చుట్టూ తిరిగి, తలుపు తెరిచి, కూర్చుని, బెల్టు పెట్టుకుని, కుడికాలు ముందుకు చాచి గంభీరంగా అన్నాడు:

"ఊఁ, అద్దాలు సరిచూసుకో. స్టార్ట్ చెయ్యి."

స్టీరింగ్ ముందు ఎవరూ లేరు. అమ్మాయి బయటే నిలబడి పెదవి కొరుక్కుంటోంది.

"మాస్టారూ, నడపాల్సింది మీరు. తాళం కూడా మీ చేతిలోనే ఉంది."

మాస్టారు నాలుక కరుచుకుని దిగి అవతలి వైపు వెళ్ళాడు. అక్కడ కూర్చుంటే అంతా తిరగబడినట్టుంది, అద్దంలో జుట్టు దువ్వుకుంటున్నట్టు. క్లచ్ లేదు. గేరు కర్ర లేదు. మీట నొక్కితే ఇంజను ఎక్కడో దూరంగా సింహం ఆవులించినట్టు ఆవులించింది. మెయిన్ రోడ్డు మీదికి వచ్చాక అమ్మాయి ధైర్యం చెప్పింది, తొక్కండి మాస్టారూ అని. తొక్కాడు. వీపు సీటుకి అతుక్కుపోయింది. పై ప్రాణాలు పైనే పోయాయి. ఇదిగో, ఇదే నేను ఇన్నాళ్ళూ ఎవరికీ ఇవ్వనిది, అనిపించింది ఒక్క క్షణం. సంతోషంతో ఒళ్ళు జల్లుమంది. మరుక్షణం రోడ్డు మీది గీత దగ్గరికి వెళ్ళాడేమో, కారు టింగు టింగుమంటూ మందలించి, స్టీరింగ్‌ని చేతిలోనే వణికించింది. ముందు ఒక స్కూటరు కనిపించింది. మాస్టారి కాలు బ్రేకు వైపు లేచేలోపే కారు గతుక్కుమని ఆగిపోయింది.

తనకంటే ముందు బ్రేకు వేసేవాణ్ణి మాస్టారు పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. కాలు గాల్లోనే ఉండిపోయింది. కాసేపటికి తెర మీద కాఫీ కప్పు బొమ్మ వచ్చింది.

"ఇదేంటమ్మా?"

"మీరు అలిసిపోయారని అనుకుంటోంది. కాసేపు ఆగి కాఫీ తాగమంటోంది."

మాస్టారు మొహం చిన్నబుచ్చుకున్నాడు. అయినా మనసు గట్టి చేసుకున్నాడు. నచ్చాల్సింది తనకి కాదు. ఇంత జాగ్రత్త గల కారుని కాదనే మనిషి ఉండదు. మర్నాడు టైలరమ్మని వెంటపెట్టుకుని వచ్చాడు. ఆవిడ ముందుగా సీటు కుట్టు మీద వేలు పెట్టి చివరిదాకా నడిపింది. కుట్టు బాగుందంది. అమ్మాయి నడుపుతానంటే, మాస్టారిని కిందే ఉండమని చెప్పి, తాను ఎక్కింది.

మాస్టారు షోరూము అద్దాల ముందు అటూ ఇటూ తిరుగుతూ కాచుకున్నాడు. కారు తిరిగి వచ్చింది. ఆవిడ దిగింది. చీర సర్దుకుంది.

"ఎలా ఉంది?"

"మెత్తగా ఉంది. గీత దాటబోతే కూసింది. ముందు బండి కనిపిస్తే కుదిపేసి ఆగింది. బెల్టు వదులు చేసుకుంటే అరిచింది. చివరికి అలిసిపోయావు, దిగమంది." ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. "ఏవండీ, ఈ కారు నిండా మీరే ఉన్నారు. మళ్ళీ మీరు కూడా అందులో ఎందుకు?"

అమ్మకాల అమ్మాయి ఏదో కాగితం మొహానికి అడ్డం పెట్టుకుని పక్కకి తప్పుకుంది. టైలరమ్మ బస్సెక్కి వెళ్ళిపోయింది, మాస్టారు నడిచి వచ్చాడు.

ఆ మాట ఆయనకి గట్టిగానే తగిలింది. ఊరంతా బ్రేకు మాస్టారంటే నవ్వుకున్నాడు, అది మెప్పే అనుకున్నాడు. నిన్న ఆ కారు తనని టింగు టింగుమని మందలించినప్పుడు ఎంత చిరాకేసిందో గుర్తొచ్చింది. నేను నడపగలను, ఒక్క నిమిషం నన్ను వదిలేయవే తల్లీ అని దానితో అనాలనిపించింది. సరిగ్గా ఆ మాటే ఆవిడ ఆనాడు దుమ్ములోంచి నడుచుకుంటూ పోతూ తనతో అనాలనుకుని ఉంటుందా? ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. ఎందుకని ఆవిడ అడగలేదు, తెలుసు కాబట్టి.

నాలుగు రోజులు గడిచాక స్పానర్ కబురు పెట్టాడు. స్పానరంటే మెకానిక్, ఆయన శిష్యుడే, లావుపాటి మనిషి, ఇప్పటికీ మలుపు దగ్గర తన పాటికి తాను "మెల్లగా, మెల్లగా" అని గొణుక్కుంటాడు. వాడి షెడ్డులో ఒక పాత కారు వచ్చి ఉంది. పళ్ళ డాక్టరు గారిది. ఆయన మోకాళ్ళు మొరాయించి, అంత కిందికి వంగి కూర్చోలేక, కూర్చున్నా లేవలేక అమ్మేస్తున్నాడు.

ముదురు ఆకుపచ్చ రంగు. పొట్టి. గుడ్డ పైకప్పు. గుండ్రటి దీపాలు రెండూ కొత్తగా బడికి వచ్చిన పిల్లల కళ్ళలా బిత్తరపోయి చూస్తున్నాయి. సీట్ల తోలు చిరిగి లోపలి దూది బయటికి వస్తోంది. మీటర్లలో ఒకటి ఏ కాలంలోనో ఒకచోట ఆగిపోయి, ఇంక కదలనని భీష్మించుకుంది.

"ముందే చెప్తున్నా మాస్టారూ," అన్నాడు స్పానర్. "వానొస్తే తడుస్తారు. ఎండొస్తే మాడతారు. పొద్దున్నే చలికి స్టార్టవదు, బతిమాలాలి. స్టీరింగ్ తిప్పితే భుజాలు నొప్పెడతాయి. ఒక్క ముక్క పోయిందంటే ఎక్కడో వెతికి తేవాలి, దొరక్కపోతే చేయించాలి. నాకు మంచిదే, పనుంటుంది. మీరు ఆలోచించుకోండి."

ఈసారి మాస్టారు సరైన తలుపు దగ్గరికే వెళ్ళాడు. తాళం తిప్పాడు. ఇంజను కాళ్ళ దగ్గరే, ఒళ్ళో కూర్చున్నంత దగ్గరగా, గరగరలాడింది. గేరు వేసి క్లచ్ వదిలాడు. కారు ఎగిరిపడి ఆగిపోయింది. వెంటనే ఆయన నోట్లోంచి, ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ, గట్టిగా వచ్చేసింది:

"క్లచ్ మెల్లగా వదలమని ఎన్నిసార్లు చెప్పాలయ్యా? బుర్ర ఎక్కడ పెట్టుకుని నడుపుతున్నావ్?"

షెడ్డులో అందరూ ఆగి చూశారు. మాస్టారు ఎవరిని తిడుతున్నాడో అర్థమవడానికి వాళ్ళకి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక స్పానర్ పక్కకి తిరిగి గోడ పట్టుకున్నాడు.

"ఆ తిట్టు నేను కూడా తిన్నాను మాస్టారూ," అన్నాడు నవ్వు ఆగాక. "దాని తరవాత ఇంకా భయమేసి ఇంకోసారి ఆగిపోయేది."

నిజంగానే ఇంకోసారి ఆగిపోయింది. మూడోసారి మాస్టారు తనని తాను ఏమీ అనుకోలేదు. కారు కదిలింది. వీధి దాటింది, ఊరి బయటి రోడ్డెక్కింది. ఆ కారు ఏమీ చెప్పదు. గేరు తప్పు వేస్తే గుర్రుమంటుంది, సరిగ్గా వేస్తే ముందుకు పోతుంది, అంతే దాని సంభాషణ. గాలి చెవుల్లో హోరెత్తుతోంది. ఎంతో దూరం వెళ్ళాక మాస్టారు ఒక సంగతి గమనించాడు. తాను ఇంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు. కారులో కూర్చుని ఆయన నోరు ఊరుకోవడం అదే మొదలు. హాయిగా ఉంది. అంత హాయి తన ఒక్కడికే దక్కడం మాత్రం బాగాలేదు.

టైలరమ్మని పిలవడానికి భయపడ్డాడు. చిరిగిన సీట్లు, కారే పైకప్పు, చలికి బతిమాలుకోవడం, వీటిలో కూర్చోబుద్ధేసేది ఏముంది? అయినా పిలిచాడు. సీట్లకి కవర్లు కుట్టాలి, కొలతలు తీసుకుందువు రా అని అబద్ధం లాంటి నిజం చెప్పాడు. ఆవిడ టేపు మెడలో వేసుకుని వచ్చింది. చిరుగుల్లో వేళ్ళు పెట్టి చూసింది. తరవాత పక్క సీటు ముందు వంగి, కింద చీకట్లో చేత్తో తడిమింది.

"ఇటు పక్క బ్రేకు ఏమైనా ఉందా?" అని స్పానర్‌ని అడిగింది.

"లేదమ్మా. ఒకటే బ్రేకు."

"సరిగ్గా చూశావా?"

"ఈ కారు మొత్తం విప్పి మళ్ళీ బిగించానమ్మా. ఒకటే."

"దానంతటదే ఆగుతుందా?"

"పెట్రోలు అయిపోతే ఆగుతుందమ్మా."

ఆవిడ లేచి చేతులు దులుపుకుంది. "ఇది తీసుకోండి," అంది భర్తతో.

"కూర్చుంటావా మరి?" అన్నాడు మాస్టారు.

"కూర్చుంటాను."

మాస్టారు ఆ రోజు ఇంటికి ఎలా వచ్చాడో ఆయనకే తెలియదు. కూతురు తల కొట్టుకుంది. టీ కొట్టు దగ్గర పాత కారు జట్టు గెలిచామని మిఠాయిలు పంచుకుంది. టైలరమ్మ వచ్చిన బట్టలన్నీ పక్కన పెట్టి సీటు కవర్లు కుట్టింది. ఇంకా ఏదో చిన్నది కుట్టి, ఏమిటని అడిగితే చూపించకుండా సంచిలో పెట్టుకుంది.

కారు ఇంటికొచ్చిన ఆదివారం పొద్దున్నే మాస్టారు గడ్డం గీసుకుని, పైకప్పు మడిచి, పక్క సీటు తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ గడప దిగింది. తెరిచిన తలుపు ముందునుంచే నడిచి, కారు చుట్టూ తిరిగి, స్టీరింగ్ ముందు కూర్చుంది. సీటు ముందుకి జరుపుకుంది.

"ఎక్కండి," అంది. "మీ సీటు అదే కదా."

మాస్టారు తాను తెరిచిన తలుపు వైపు చూశాడు. పక్కన కూర్చోవాలని కోరుకున్నాడు నిజమే, ఎవరి పక్కన ఎవరన్నది కోరికలో వివరంగా చెప్పుకోలేదు. ఎక్కి కూర్చున్నాడు. కుడికాలు అలవాటుగా ముందుకు సాగి మెత్తటి దేన్నో తాకింది. కిందికి చూశాడు. సరిగ్గా రెండో బ్రేకు ఉండాల్సిన చోట, సీటు గుడ్డతోనే కుట్టిన చిన్న దిండు, దట్టంగా దూది కూరి, నేలకి కట్టేసి ఉంది.

"అది మీకు," అంది టైలరమ్మ. "ఎంత తొక్కుకుంటారో తొక్కుకోండి. నాకేం అభ్యంతరం లేదు. నేనడిగితే చెప్పండి, అడక్కపోతే ఊరుకోండి. చెయ్యి మాత్రం కదపొద్దు. కదిపారా, దిగిపోతాను."

ఎలా దిగిపోతుందో ఆయనకి తెలుసు. చెప్పులు చేత్తో పట్టుకుని.

ఆ పాత మైదానంలోనే, ఆ సున్నపు గీతల మధ్యే, ఆవిడ పాఠం మళ్ళీ మొదలైంది. కారు కుందేలులా గెంతింది. ఆగిపోయింది. గుర్రుమంది. మాస్టారు దిండు తొక్కాడు. గోడ ఎంతో దూరంలో ఉన్నా తొక్కాడు. ఆయన ఎంత తొక్కినా కారు మాత్రం ఆవిడ మాటే వింది. మొదటి వారానికే దిండు అప్పడంలా అణిగిపోయింది. ఆవిడ ఏమీ అనకుండా విప్పి, మళ్ళీ దూది కూరి, మళ్ళీ కట్టింది. నోరు కట్టేసుకోవడం ఆయనకి ఇంకా కష్టమైంది. "క్ల..." అని మొదలుపెట్టి దగ్గుగా మార్చుకునేవాడు. ఆయనకి దగ్గు పట్టుకుందని వీధిలో అందరూ కషాయాలు చెప్పారు. వానలు పడి తగ్గేసరికి ఆవిడ గీతల మధ్య కారుని అంచు తగలకుండా తిప్పడం నేర్చుకుంది, లైసెన్సు పరీక్ష కూడా గట్టెక్కింది. దిండులో దూది కూరాల్సిన అవసరం రాను రాను తగ్గింది. అది ఇద్దరూ గమనించారు, ఎవరూ పైకి అనలేదు.

చివరికి ఒక ఆదివారం ఆవిడ కారుని మైదానం వైపు కాకుండా కొండ రోడ్డు వైపు తిప్పింది. ఒకదాని వెనక ఒకటిగా మలుపులు, ఒక పక్క రాయి, ఒక పక్క లోయ. ఇక్కడ దిండు పనికిరాదు. పనికొచ్చేది చేతికందే దూరంలో ఉంది, హ్యాండు బ్రేకు. మాస్టారు తన చెయ్యి దాని మీదికి పోకుండా తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు.

పెద్ద మలుపులో ఎదురుగా బస్సు వచ్చింది. రోడ్డు సగానికి పైగా అదే ఆక్రమించుకుని, హారన్ కొట్టుకుంటూ దిగుతోంది. మాస్టారి చెయ్యి తొడ కిందినుంచి తన్నుకుని బయటికి వచ్చింది. ఇప్పుడు లాగితే కారు ఆగుతుంది. ఆగిన కారులోంచి ఆవిడ దిగుతుంది, నడుస్తుంది, ఇంక ఈ జన్మలో ఎక్కదు. లాగకపోతే? ఏమవుతుందో తెలియదు. తెలియనిదాన్ని ఆయన ఎప్పుడూ జరగనివ్వలేదు. చెయ్యి గాల్లోనే ఆగింది. ఆవిడ ఆయన వైపు చూడలేదు. కాలితో మెత్తగా, మిషను కుట్టు మీద ఆపినంత మెత్తగా వేగం తగ్గించింది. గేరు దించింది. రాతి పక్కకి ఒదిగింది. బస్సు గాలి కొట్టి, దుమ్ము పోసి, వెళ్ళిపోయింది. ఆవిడ మళ్ళీ తొక్కింది. కారు ఝుమ్మని మలుపు తిరిగింది, ఎదురుగా ఆకాశం తప్ప ఏమీ లేదు.

మాస్టారు ఊపిరి వదిలాడు. గాల్లో ఉన్న చేతిని ఏం చేయాలో తెలియక దాంతో జుట్టు సర్దుకున్నాడు. అప్పుడు కిందికి చూసుకుని ఆయనే ఆశ్చర్యపోయాడు. చేతితో పోట్లాడుతున్నంతసేపూ కాలి సంగతి మరిచిపోయాడు. కుడికాలు దిండు మీద లేదు. ఎప్పుడు పైకి తీసుకున్నాడో, సీటు మీద మడిచి, ఇంట్లో పీట మీద కూర్చున్నట్టు కూర్చుని ఉన్నాడు.

"ఇదిగో," అన్నాడు. "నా కాలు ఎక్కడుందో చూడు."

ఆవిడ ఒక్కసారి కిందికి చూసింది. మడిచిన కాలు, దాని కింద తొక్కేవాడు లేక బొద్దుగా ఉబ్బి ఉన్న దిండు. తల వెనక్కి వాల్చి పకపకా నవ్వింది. గాలికి జుట్టు చెదిరి మొహం మీద పడింది, అయినా నవ్వుతూనే ఉంది.

రోడ్డు చూడు అనే మాట మాస్టారి గొంతుదాకా వచ్చింది. మింగేసి, ఆవిడ వైపు తిరిగాడు. ఆవిడ అప్పటికే రోడ్డు చూస్తోంది.